అడవి వాసనకి పొగ తోడైతే...

పచ్చని కొండలు... వాటిమీద పలుచగా పరచుకున్న నీలి పొగ. అమెరికాలోని టెన్నెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దులో ఉన్న ‘గ్రేట్ స్మోకీ మౌంటెయిన్స్’కి ఆ పేరు వచ్చింది ఈ పొగ వల్లే. చిత్రమేమిటంటే అక్కడ మంటా లేదు, మసీ లేదు. ఆ నీలి తెరకు మూలం చెట్లే!

చెట్లు వదిలే ఆవిర్లు గాల్లో సన్నని కణాలుగా మారతాయనీ, వాటివల్లే కొండలు నీలంగా కనిపిస్తాయనీ వృక్షశాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ 1960లో ‘నేచర్’ పత్రికలో రాశారు. ఆ ఆవిర్లు మనకు కొత్తవేం కాదు. కమలాపండు తొక్క ఒలవగానే గుప్పుమనే వాసన లిమోనిన్‌ది. పెయింట్‌లో కలిపే టర్పెంటైన్ ఘాటు పైనీన్‌ది. పైన్ చెట్లు ఇలాంటివాటిని వదిలితే, ఓక్ చెట్లు ఐసోప్రీన్‌ను వదులుతాయి. ప్రపంచంలోని మొక్కలన్నీ కలిసి ఏటా గాల్లోకి పంపే ఇలాంటి ఆవిర్లు దాదాపు 100 కోట్ల టన్నులని అంచనా.

చీకటి పడ్డాక...

మరి వీటికి మన వాహనాల పొగ తోడైతే? అసలు కథ అక్కడే మొదలవుతుంది. ఇంజిన్లూ, బొగ్గు విద్యుత్కేంద్రాలూ నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతాయి. వాటిలోని నైట్రోజన్ డయాక్సైడ్ ఓజోన్‌తో కలిస్తే ‘నైట్రేట్ రాడికల్’ పుడుతుంది. పగలైతే ఎండకు క్షణాల్లో విరిగిపోతుంది. పొద్దుగూకితే దాన్ని ఆపేవారుండరు. పైన్ వాసనల మీద పడి, వాటికి అతుక్కుని ‘ఆర్గానిక్ నైట్రేట్లు’గా మార్చేస్తుంది. పగటిపూట కూడా ఇవి వేరే దారిలో కొంత తయారవుతాయి. అప్పటిదాకా తేలిగ్గా తిరిగిన ఆవిరి కాస్తా బరువెక్కి, గాల్లోని నలుసులమీద పేరుకుంటుంది. ఆ నలుసులు తలవెంట్రుక మందంలో ముప్పయ్యోవంతు కూడా ఉండవు. అందుకే ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లిపోతాయి.

దీని లెక్క తేల్చడానికే 2013 జూన్, జులై నెలల్లో అలబామా రాష్ట్రం సెంటర్‌విల్ దగ్గరి అడవిలో శాస్త్రవేత్తలు పరికరాలు బిగించి రాత్రింబవళ్లు గాలిని పరీక్షించారు. అక్కడా, అట్లాంటా పరిసరాల్లోనూ సేకరించిన వివరాలతో 2015లో ఒక అధ్యయనం వెలువడింది. ఆగ్నేయ అమెరికాలో వేసవి గాల్లోని సేంద్రియ కణాల్లో 43 నుంచి 70 శాతం, చెట్ల ఆవిర్లమీద మనుషుల కాలుష్యం ప్రభావం చూపగా ఏర్పడినవేనని తేలింది.

తప్పు చెట్టుదా?

అలాగని ‘చెట్లే కాలుష్య కారకాలు’ అనుకుంటే పొరపాటే. అడవులు మనిషి పుట్టకముందు నుంచీ వాసనలు వెదజల్లుతున్నాయి. ఆ ఆవిర్లను ఇంతగా దుమ్ముకణాలుగా మార్చేది మన పొగ. దీనిలో ఓ మంచి కబురూ ఉంది. ఆగ్నేయ అమెరికాలో నైట్రోజన్ ఆక్సైడ్లను 25 శాతం తగ్గిస్తే సెంటర్‌విల్ దగ్గర సేంద్రియ కణాలు సుమారు 9 శాతం తగ్గుతాయని 2015లోనే మరో పరిశోధక బృందం కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టింది. ఒక్క చెట్టునూ ముట్టుకోకుండానే!

పరిమళించడం మానమని అడవికి చెప్పలేం. పొగ తగ్గించుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.