ఇనుములో 26 ఎలక్ట్రానులు

స్నేహితులారా, మనకు వారం వారం నీలం మాత్ర ఇస్తారు కదా. కొందరు దాన్ని నాలుక కింద దాచుకొని, బయటికెళ్ళి ఊసేస్తున్నారు. పేర్లు రాయను. ఆ మాత్రలో ఉన్నది ఇనుము. గొడ్డలిలో ఉన్న ఇనుము, ఇదీ ఒకటే మూలకం. మరి ఇనుము తింటే రక్తం ఎలా పడుతుంది? అది తెలియాలంటే పరమాణువు లోపలికి పోవాలి.

పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుందని రూథర్‌ఫర్డ్ 1911లో చెప్పాడు. ఇనుము కేంద్రకాన్ని చోడి గింజంత అనుకుంటే, పరమాణువు మన ఆటస్థలమంత అవుతుంది. ఆ గింజలో 26 ప్రోటానులు ఉంటాయి. ఒకటి తగ్గితే అది మాంగనీసు, ఒకటి పెరిగితే కోబాల్టు. న్యూట్రానులు ఎక్కువ పరమాణువుల్లో 30 ఉంటాయి. 26, 30 కలిపితే 56, అదే ద్రవ్యరాశి సంఖ్య.

కేంద్రకం చుట్టూ 26 ఎలక్ట్రానులు 2, 8, 14, 2 అని సర్దుకుంటాయి. కాల్షియం వరకు మనం నేర్చుకున్నదే, 2, 8, 8, 2. ఆ తరవాత వచ్చేవి బయట చేరవు, లోపల మూడో కక్ష్యలోకి పోతాయి. వరండాలో ఇద్దరు పడుకున్నాక, ఆలస్యంగా వచ్చిన పిల్లలు లోపలి గదిలో ఇరుక్కున్నట్టు అన్నమాట! మూడో కక్ష్యలో 18 దాకా పడతాయి కాబట్టి చోటుకు కొదవ లేదు.

ఇనుము బయటి 2 ఎలక్ట్రానులను ఇచ్చేస్తే ఫెర్రస్ అంటారు. లోపలి నుంచి ఇంకొకటి కూడా పోతే ఫెర్రిక్. గొడ్డలికి పట్టే తుప్పులో ఉన్నది ఫెర్రిక్. మన రక్తంలో ఉండాల్సింది ఫెర్రస్. ఒక్క హిమోగ్లోబిన్ అణువులో 4 ఇనుము పరమాణువులు ఉంటాయి. ఒక్కోటి ఊపిరితిత్తుల దగ్గర ఒక ఆక్సిజన్ అణువును పట్టుకొని, ఒళ్ళంతా తిరిగి, కావలసిన చోట వదిలేస్తుంది. ఫెర్రిక్ అయితే పట్టుకోలేదు. ఒక్క ఎలక్ట్రాను తేడాకే ఇంత!

మన వయసు ఆడపిల్లలకు 100 మిల్లీలీటర్ల రక్తంలో కనీసం 12 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. తగ్గితే ప్రార్థనలో నిలబడితే కళ్ళు తిరుగుతాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, చదివింది బుర్రకెక్కదు. బద్ధకం అని తిట్టేవాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆకుకూరల్లో ఇనుము ఎక్కువగా ఫెర్రిక్‌గా ఉంటుంది, పేగు దాన్ని సరిగా తీసుకోదు. నిమ్మకాయ, ఉసిరికాయల్లోని సి విటమిన్ దానికి ఒక ఎలక్ట్రాను ఇచ్చి ఫెర్రస్ చేస్తుంది. అందుకే పప్పులో నిమ్మకాయ పిండుకోవాలి. టీ మాత్రం అన్నంతో పాటు తాగకూడదు, అందులోని టానిన్ ఇనుమును పట్టేసుకుంటుంది.

2018 నుంచి మన వయసువాళ్ళ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని నియమం. మోల్ లెక్క వేసి చూశాను. 6 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని పరమాణువులకు పైనే వచ్చాయి. కిటికీలోంచి పోయేవి అన్ని!

మాత్ర అన్నం తిన్నాకే వేసుకోండి. దొడ్డికి నల్లగా వస్తే భయపడకండి, అది మిగిలిన ఇనుమే. సికిల్ సెల్ ఉన్న అక్కాచెల్లెళ్ళు మాత్రం డాక్టరుగారిని అడిగాకే వేసుకోవాలి. వాళ్ళకు రక్తం తగ్గేది ఇనుము లేక కాదు, రక్తకణాలు కొడవలిలా వంగి తొందరగా విరిగిపోవడం వల్ల.