750లో ఒక కాశయ్య

కోట శ్రీనివాసరావు పోయింది 2025 జులై 13న, ఆదివారం. ములకలపల్లిలో ఆ పొద్దున్న ఇంటిల్లిపాదీ టీవీ ముందే ఉన్నాం. తెర అడుగున ఒకటే మాట పరుగెత్తుతోంది: 750కి పైగా చిత్రాల్లో నటించిన కోట ఇక లేరు. పక్కింటి పెద్దాయన, ఊహ తెలిసినప్పటి నుంచి నేను బాబాయ్ అని పిలిచే మనిషి, చాలాసేపు చూసి అన్నాడు: "గన్ని చేసిండా? నాకైతే ఆ కాశయ్య ఒక్కడే కండ్ల ముందు మెదుల్తడు."

కాశయ్య అంటే 'ప్రతిఘటన'లో మంత్రి. 1985లో టి. కృష్ణ తీసిన సినిమా. కంకిపాడులో పుట్టి, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడిన కృష్ణా జిల్లా మనిషి కోట అందులో తెలంగాణ యాస పట్టుకున్నాడు. యాస పట్టుకోవడమంటే నాలుగు మాటలు వంకర తిప్పి పలకడం కాదు. ఎక్కడ మాట సాగదీస్తే మనిషి బెదురుతాడో, ఎక్కడ నవ్వితే ఒళ్లు జలదరిస్తుందో ఆ లోపలి లెక్క దొరకాలి. ఆయనకు దొరికింది.

ఈ సంగతిలో మా ప్రాంతం వాళ్ల చెవి కాస్త గట్టిదనే అనుకుంటాను. ఇటు పాల్వంచ, కొత్తగూడెం. అటు దమ్మపేట, అశ్వారావుపేట దాటితే గోదావరి జిల్లాల మాట. అడవి వైపు నడిస్తే కోయ భాష. సంతలో ఒక్క గంట నిలబడితే మూడు రకాల పలుకులు వినబడతాయి. బేరమాడే మనిషి ఏ ఊరివాడో మొదటి వాక్యానికే తెలిసిపోతుంది. అలాంటి చోట పెరిగిన చెవిని దొంగ యాసతో మభ్యపెట్టడం కష్టం. కాశయ్యను బాబాయ్ నమ్మాడంటే, నా లెక్కలో అది ఏ అవార్డుకూ తీసిపోదు.

అయితే నటుడి గురించి మాట మొదలవగానే మనం అడిగే ప్రశ్న వేరు. "ఎన్ని సినిమాలు చేశాడు?" వంద, మూడొందలు, వెయ్యి. ఆ అంకెతోనే మనిషి ఎత్తు కొలుస్తాం. కోట సినిమాల్లోకి వచ్చింది 1978లో, 'ప్రాణం ఖరీదు'తో. కాశయ్య దొరికింది ఏడేళ్ల తర్వాత. 1984లో ఎవరైనా ఆయన సినిమాలు లెక్కపెట్టి ప్రతిభ తూచి ఉంటే ఏం తేలేది? ఆ గొంతు అప్పుడూ ఉంది. ఏళ్ల తరబడి రంగస్థలం మీద నలిగిన ఒళ్లూ అప్పుడే ఉంది. లేనిదల్లా ఆయన కోసం రాసిన వేషం. అంకె పెరిగింది ఆ వేషం వచ్చాకే. అందుకే ఆ అంకెలో నాకు మొదట కనబడేది పరిశ్రమ అవసరం. ఏ ముఖం ఎంత తరచుగా కావాల్సి వచ్చిందో అది చెబుతుంది. ఆ ముఖం వెనక ఎంత ఉందో చెప్పదు.

అంతమాత్రాన ఎక్కువ చేయడాన్ని తక్కువ చేయను. 1972 ఒక్క ఏడాదిలోనే హీరో కృష్ణ సినిమాలు 18 విడుదలయ్యాయి. మూడు పూటలా మూడు సెట్లు తిరిగి, ప్రతి చోటా సంభాషణ తప్పకుండా చెప్పడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. దాని వెనక లైట్‌బాయ్ నుంచి థియేటర్ గేట్‌కీపర్ దాకా ఎంతమంది కూడు ఉందో తలచుకుంటే ఆ చాకిరీకి దండం పెట్టబుద్ధవుతుంది. కానీ ఆ దండం పనితనానికి. ప్రతిభను వేరే తూకంలో వేయాలి.

బ్రహ్మానందాన్నే చూడండి. అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా చేసిన మనిషి. 1987లో జంధ్యాల 'అహ నా పెళ్ళంట' తీస్తే, కోట పిసినారి లక్ష్మీపతిగా, ఈయన అరగుండుగా ఒకే సినిమాతో ఇంటింటికీ తెలిశారు. తర్వాత ఈయన సినిమాల సంఖ్య గిన్నిస్ పుస్తకానికెక్కింది. వెయ్యి దాటిందంటారు. వాటిలో ఎన్ని వేషాలు ఒకే తలుపు దగ్గర నిలబడి ఒకే చెంపదెబ్బ తిన్నాయో చూసినవాళ్లకు తెలుసు. ఆయన్ని చూడగానే నవ్వడం మనకు అలవాటైంది. ఆ నవ్వునే మళ్లీమళ్లీ అమ్ముకోవడం నిర్మాతలకు అలవాటైంది. 2023లో కృష్ణవంశీ 'రంగమార్తాండ'లో చక్రపాణి వేషం ఇచ్చాడు. ఆసుపత్రి మంచం మీద ఆ ముసలి నటుడు స్నేహితుడితో మాట్లాడుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది. ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. ఈ మనిషిలో ఇదంతా ఉండగా, 36 ఏళ్లు మనం అడిగింది ఇంకొక్క చెంపదెబ్బేనా?

తక్కువ సినిమాలు చేసినవాళ్ల సంగతి ఇంకా తీవ్రమైనది. 1980లో 'శంకరాభరణం' వచ్చేనాటికి జె.వి. సోమయాజులు సినిమా ప్రేక్షకులకు దాదాపు తెలియని మనిషి. డిప్యూటీ కలెక్టర్ కొలువు, తీరిక దొరికితే 'కన్యాశుల్కం' నాటకంలో రామప్పపంతులు. ఆ తర్వాత చాలా సినిమాలే చేశారు. అసలు చేయకపోయి ఉంటే? శంకరశాస్త్రి నడకలో ఒక్క అడుగైనా తగ్గేదా? సత్యజిత్ రే 'పథేర్ పాంచాలీ'లో ముసలి అత్త ఇందిర్‌గా వేసిన చునీబాలా దేవి ఎప్పుడో నటన మానేసిన వృద్ధురాలు. సినిమా విడుదల కాకుండానే కన్నుమూసింది. 1955 నుంచి ఇప్పటిదాకా ఆ బోసినోటి నవ్వును ప్రపంచమంతా చూస్తూనే ఉంది.

ఆడవాళ్ల దగ్గర ఈ సంఖ్య మరీ అన్యాయంగా పనిచేస్తుంది. కథానాయకుడికి అరవై ఏళ్లొచ్చినా అంకె పెరుగుతూనే ఉంటుంది. కథానాయికకు పెళ్లయితే చాలు, ఆగిపోతుంది. విజయవాడ అమ్మాయి అర్చన చేసిన తెలుగు సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'లో దొర గడీలో బతుకు ఈడ్చే కమలాక్షి ఆమె. మాటలు బహు తక్కువ. వంచిన మెడ, గిన్నె పట్టుకునే చేతులు, గడప దగ్గర ఆగే పాదం, వీటితోనే కథంతా చెప్పింది. జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఇచ్చారు. అంతకుముందు ఏడాదే తమిళ 'వీడు'కూ ఇచ్చారు. వరసగా రెండేళ్లు దేశంలోనే ఉత్తమ నటి అనిపించుకున్న మనిషికి తెలుగు సినిమా తర్వాత ఎన్ని వేషాలు రాసింది? ఆ చిన్న అంకెకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు.

1980లో 'మా భూమి'లో రామయ్యగా నిలబడిన సాయిచంద్‌దీ ఇలాంటి కథే. చాలాకాలం తెరకు దూరంగా ఉండి, 2017లో 'ఫిదా'లో బాన్సువాడ తండ్రిగా కనబడ్డాడు. ఎన్నాళ్లో చూడని బంధువు గడపలోకి వచ్చినట్టనిపించింది నాకు. అన్నేళ్లూ ఆ మనిషి ఏమీ పోగొట్టుకోలేదు. పోగొట్టుకున్నది మనం.

మా ఉమ్మడి ఖమ్మం జిల్లా బీరోలు నుంచి వెళ్లిన బాబూమోహన్‌కు ఆ గండం రాలేదు. కోటతో జంట కట్టి తొంభైల్లో తెరను ఏలాడు. కానీ మా అడవి మనుషులో? తెర మీద కోయవాళ్లంటే తలకు ఈకలు కట్టుకుని మంట చుట్టూ ఎగిరే గుంపుగానే ఎక్కువసార్లు చూశాం. గుంపుకు పేరుండదు, పేరులేనివాళ్లకు లెక్క ఉండదు. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య డోలు కొడుతూ కోయ ఇలవేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మల కథ రాత్రుళ్లు పాడేవాడు. ఒక గొంతులోనే తల్లి, కొడుకు, శత్రువు అందరూ వచ్చేవారు. ఇది నటన కాదని ఎవరంటారు? 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన వెళ్లిపోయాడు. ఎన్ని రాత్రులు పాడాడో ఎవరూ రాసి పెట్టలేదు.

కోట పోయిన ఆ రాత్రి బాబాయ్ నా ఫోన్లో 'ప్రతిఘటన' పెట్టమన్నాడు. చూపు ఆనదు, ఫోన్ చెవి దగ్గర పట్టుకున్నాడు. కాశయ్య మాటలు మొదలయ్యాయి. బాబాయ్ నవ్వలేదు. ముప్పయ్యేళ్ల కిందట పోడు భూముల గొడవల్లో ఊళ్లోకొచ్చి అందరినీ తమ్మీ తమ్మీ అంటూ భుజం తట్టి పోయిన ఒకాయన పేరు చెప్పాడు.

"అచ్చం గట్లనే మాట్లాడేటోడు. ఈయనకెట్ల తెలిసింది బిడ్డా?"