ఎగిరివచ్చు గులకరాళ్లు: ట్రెయిలరుపై పడవకు రక్షణ

గరుసు బాటపై లారీ వెనుక ప్రయాణము చేసినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. లారీ చక్రము క్రింది నుండి చిన్న రాయి ఎగిరివచ్చి ముందు అద్దమునకు తగులును. రాయి కుంకుడుకాయంతయే, అయినను అద్దముపై నక్షత్రము వంటి బీట మిగులును. మోటారు వాహనమునకు వెనుక ట్రెయిలరును తగిలించి, దానిపై పడవను ఎక్కించి లాగుకొనిపోవునపుడు ఈ బాధ మరింత హెచ్చు. లారీ వెనుక వచ్చువారు కొంత దూరముగా తొలగవచ్చును. ట్రెయిలరుకు ఆ వీలు లేదు. అది ఎల్లప్పుడును ఆ చక్రములకు కొద్ది అడుగుల దూరముననే ఉండును.

ఆస్ట్రేలియా ఈశాన్య భాగముననున్న కేప్ యార్క్ ద్వీపకల్పములో ఈ సమస్య నిత్యానుభవము. లేక్‌లాండ్ నుండి బాక్సైటు గనులకు ప్రసిద్ధి చెందిన వైపా వరకు పోవు రహదారి పొడవు ఇంచుమించు 570 కిలోమీటర్లు. దీనికి క్రమక్రమముగా తారు వేయుచున్నారు. తారు వేయని భాగములు ఎర్రని గరుసు బాటలు. చేపల వేటగాండ్రు తేలికయైన అల్యూమినియము పడవలను కార్ల వెనుక లాగుకొని ఉత్తరపు నదీముఖములకు పోవుదురు. వారు వెదకు బరముండి చేప మన కృష్ణా గోదావరి మొగలలో దొరకు పండుగప్పయే. అక్కడి నీటిలో పెద్ద మొసళ్లు ఉండును. కనుక పడవ అడుగు దెబ్బతినకుండ నీటిని చేరుట కేవలము అందమునకు సంబంధించిన విషయము కాదు.

రాయి పడవను కొట్టునా? పడవ రాతిని కొట్టునా?

ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. కాని రక్షణోపాయములన్నియు దీనిపైననే ఆధారపడియున్నవి. జారక దొర్లు చక్రములో నేలను తాకియున్న బిందువు ఆ క్షణమున నిశ్చలముగా నుండును. ఆ బిందువు సమీపమున టైరు గాడిలో చిక్కుకొన్న రాయి, చక్రము తిరుగుటచే కొంచెము పైకి లేచి విడివడును. నేలపై నిలిచి చూచువానికి ఆ రాయి పైకి లేచినట్లే గాని, ముందునకు గాని వెనుకకు గాని ఎక్కువ వేగముతో పోయినట్లు కనబడదు. ఇంతలో వెనుకనున్న పడవ వాహనముతో సమానమైన వేగముతో వచ్చి దానిని ఢీకొనును. కొట్టినది రాయి కాదు, పడవయే.

గంటకు 72 కిలోమీటర్ల వేగమనగా సెకండుకు 20 మీటర్లు. సుమారు 20 మీటర్ల ఎత్తు, అనగా ఆరంతస్తుల మేడపై నుండి జారవిడిచిన రాయి నేలను చేరునప్పటికి పొందు వేగము ఇదియే. రాయి బరువు 10 గ్రాములైనచో దాని గతిజశక్తి 2 జౌళ్లు. వాహన వేగమును సగమునకు, అనగా గంటకు 36 కిలోమీటర్లకు తగ్గించినచో ఆ శక్తి సగము కాదు, నాలుగవ వంతగును. ఏలనగా గతిజశక్తి వేగము యొక్క వర్గమునకు అనులోమానుపాతములో నుండును. కావున అన్నిటికంటె చౌకయైన రక్షణ వేగము తగ్గించుటయే. ఎదురుగా లారీ వచ్చునపుడు మరింత తగ్గవలెను. దాని చక్రములు విసరిన రాయి మనవైపు వచ్చుచున్నచో రెండు వేగములును కలియును.

గట్టి గోడ ఎందుకు పనికిరాదు?

పడవ ముందు ఒక గట్టి రేకును నిలువుగా బిగించిన చాలునని తోచుట సహజము. పడవకు దెబ్బ తప్పును, నిజమే. కాని రేకును తాకిన రాయి బంతివలె తిరిగి ముందునకు పోవును. సగము వేగమే మిగిలినను సెకండుకు 10 మీటర్ల వేగముతో కారు వెనుక అద్దమును చేరగలదు. ఈ అద్దము సాధారణముగా పదను పెట్టిన గాజు. దాని పైపొర సంపీడనములోను, లోపలి భాగము తన్యతలోను ఉండును. బీట ఒకసారి లోపలకు దిగినచో అద్దమంతయు చిన్న ముక్కలై రాలును. పడవను కాపాడబోయి, ఊళ్లు దూరముగానున్న బాటలో అద్దము లేని కారులో ధూళి మ్రింగుచు పోవలసివచ్చును. ఏ కవచమును లేనపుడు ట్రెయిలరు ముందుభాగమే ఈ గోడ పని చేయును.

రాతిని ఆపుటకు రెండు మంచి మార్గములు కలవు. మొదటిది మెత్తగా ఆపుట. పైన చెప్పిన రాయి ఒక మిల్లీమీటరు దూరములో ఆగవలసినచో సగటు బలము 2000 న్యూటన్లు. అనగా సుమారు 200 కిలోగ్రాముల బరువుతో సమానము. వ్రేలాడు రబ్బరు తెర 2 సెంటీమీటర్లు వెనుకకు ఒదిగినచో బలము 100 న్యూటన్లే. వడిగా వచ్చు బంతిని పట్టువాడు చేతులను వెనుకకు తీసికొనుటలోని కిటుకు ఇదియే. రెండవది ప్రక్కకు మళ్లించుట. తెరను ఏటవాలుగా గాని, నాగలి వలె కోణముగా గాని అమర్చినచో, తగిలిన రాయి కారువైపు పోక నేలకో ప్రక్కకో పోవును.

ఆచరణలో

మొదటి కవచము కారు వెనుక చక్రములకు సమీపమున ఉండవలెను. అచ్చట రాళ్లు ఇంకను చెదరి వ్యాపించియుండవు. కారు వెడల్పున బరువైన రబ్బరు తెర వ్రేలాడదీయుదురు. తేలికయైనచో గాలికి పైకి లేచి దారి ఇచ్చును. నేలను రాచినచో త్వరలో అరుగును. పొగగొట్టమును తాకినచో కాలును. రెండవ కవచము ట్రెయిలరు లాగుకమ్మిపై చట్రములో బిగించిన దృఢమైన వలగుడ్డ. గాలి దానిలోనుండి పోవును, రాయి ఆగును. కొందరు కారు వెనుక అద్దమునకు అట్టముక్కను కూడ అంటింతురు. అప్పుడు ప్రక్క అద్దములలో వెనుక బాట చక్కగా కనబడునట్లు చూచుకొనవలెను.

పడవ ముక్కుకు పాత తివాసీనో గోనెగుడ్డనో చుట్టుట మంచిదే, కాని బిగుతుగా ఉండవలెను. వదులుగా నున్నచో లోపల చేరిన ఇసుక గాలి ఊపునకు గరుకు కాగితమువలె రంగును గీకివేయును. గాజునార పడవలకు ఈ జాగ్రత్త మరింత ముఖ్యము. వాటి పైపూత మందము అర మిల్లీమీటరు ప్రాంతమే. అది పెచ్చులూడినచో నీరు లోని పొరలలోనికి దిగును. ట్రెయిలరు సొంత చక్రములు విసరు రాళ్లకు మడ్‌గార్డులు అడ్డముండవలెను. బ్రేకు గొట్టములను, విద్యుత్తీగలను చట్రము చాటున నడిపింపవలెను.

విడిది చేసినప్పుడెల్ల బోల్టులను, తెరను, పడవ అడుగును చూచుకొనుట అవసరము. ఎగిరిన రాతికి బలమిచ్చునది వాహన వేగమే. ఆ వేగమును కొంత తగ్గించి, మిగిలిన దానిని ఒదుగు తెరతో మ్రింగివేసిన యెడల, పడవయు అద్దమును క్షేమముగా నీటి ఒడ్డును చేరును.