నలుపుకూ తెలుపుకూ మధ్య ఉన్న సిరాలు

ఇంక్‌జెట్ ప్రింటరుకు రంగుల ఛాయాచిత్రం కంటే నలుపు తెలుపు ఛాయాచిత్రమే కఠినమైన పరీక్ష, ఎందుకంటే ఆకాశపు నీలం కాస్త అటూఇటూ అయినా సరిపెట్టుకునే కన్ను, బూడిద రంగులో పచ్చఛాయ గాని ఎర్రజీర గాని రవ్వంత తొంగిచూసినా ఇట్టే పట్టేస్తుంది.

ఆ పరీక్షకు మొదట నిలబడినది ఇళ్లలో వాడే ప్రింటరు కాదు, అమెరికాలో అచ్చు పరిశ్రమ ప్రూఫులు తీసుకోవడానికి తయారైన ఐరిస్ అనే భారీ యంత్రం. గిర్రున తిరిగే డ్రమ్ముకు కాగితం చుట్టి, సిరాను ఎడతెగకుండా బిందువులుగా చిమ్ముతూ, అక్కరలేని బిందువులను విద్యుదావేశంతో పక్కకు మళ్లించే పద్ధతిలో అది పనిచేసేది. సంగీతకారుడు, ఛాయాచిత్రాల సేకర్త అయిన గ్రాహం నాష్ ఐరిస్ 3047ను కొని, 1991లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో నాష్ ఎడిషన్స్ అనే ముద్రణాలయాన్ని తెరిచారు. ఆయన యంత్రం ఇప్పుడు స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియంలో ఉంది. అయితే ఐరిస్ సిరాలు డైలు, అంటే ద్రవంలో పూర్తిగా కరిగిపోయే రంగులు కావడంతో వెలుతురు సోకి త్వరగా వెలిసిపోయేవి.

1993లో ఎప్సన్ స్టైలస్ 800తో బల్లమీదికి వచ్చిన పీజో పద్ధతిలో, విద్యుత్తు తగలగానే ఆకారం మార్చుకునే పదార్థం సిరాను నొక్కి నాజిల్ నుంచి బయటికి తోస్తుంది. సిరాను మరిగించనక్కరలేదు కనుక దాని కూర్పులో స్వేచ్ఛ ఎక్కువ. కరగని సూక్ష్మ రేణువులతో, అంటే పిగ్మెంట్‌తో, చేసిన సిరాలు వచ్చాక వెలిసిపోయే బెడద చాలావరకు తగ్గింది గాని మరో చిక్కు బయటపడింది. నీలి, గులాబి, పసుపు సిరాలను కలిపి పుట్టించిన బూడిద రంగు బల్బు వెలుతురులో తటస్థంగా కనిపించి, పగటి వెలుతురులో పచ్చగా తేలేది. మెటామెరిజం అని ముద్రకులు పిలుచుకునే ఈ దోషం 2000లో వచ్చిన ఎప్సన్ 2000పి ప్రింటరును బాగా వేధించింది.

విరుగుడు సిరాలోనే దొరికింది. వెర్మాంట్‌కు చెందిన జాన్ కోన్ పీజోగ్రఫీ పేరుతో రంగు సిరాలన్నిటినీ తీసేసి, వాటి స్థానంలో చిక్కదనం వేరువేరుగా ఉన్న నలుపు సిరాలనే నింపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. 2005లో ఎప్సన్ ఆర్2400 మూడు స్థాయిల నలుపులను రంగు సిరాల పక్కనే ఒకే యంత్రంలో అమర్చింది. దీని ఫలితం చెంపమీద వెలుగు పడిన చోట స్పష్టంగా తెలుస్తుంది: కటిక నలుపు ఒక్కటే ఉంటే అక్కడ చుక్కలు దూరదూరంగా పడి ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి, పలుచని బూడిద సిరా ఉంటే చుక్కలు ఒత్తుగా పడి చర్మపు నునుపు నిలుస్తుంది.

అందువల్ల ప్రింటరును ఎంచుకునేటప్పుడు పెట్టెమీది రిజల్యూషన్ అంకెను పక్కనపెట్టి, బూడిద సిరాలు ఎన్ని ఉన్నాయో ముందు చూడడం మేలు. కెనాన్ ప్రో-200లో రెండు బూడిద సిరాలు ఉన్నా అది డై యంత్రం. తరతరాలు దాచుకోవలసిన చిత్రాలకు పిగ్మెంట్ వాడే కెనాన్ ప్రో-1000, ఎప్సన్ పి900 వంటివే తగినవి. నున్నటి కాగితానికీ మ్యాట్ కాగితానికీ వేర్వేరు నలుపులు కావాలి. పాత యంత్రాలు కొన్నిటిలో ఒకదాని నుంచి మరొకదానికి మారినప్పుడల్లా సిరా వృథా అయ్యేది, పి900లో రెండింటికీ విడివిడి దారులున్నాయి. కొనే ముందు నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుమెట్లుగా ఉన్న నమూనాను అచ్చువేయించి, కిటికీ పక్కనా దీపం కిందా పెట్టి చూస్తే ఏ మెట్టు దగ్గర రంగు చొరబడుతోందో బయటపడుతుంది. పిగ్మెంట్ రేణువులు నాజిళ్లలో ఎండి గడ్డకట్టే గుణం కలవి కనుక, ఎప్పుడో ఒకసారి మాత్రమే అచ్చువేసేవారు సొంత యంత్రం కొనడం కంటే మంచి ముద్రణాలయానికి ఫైలు పంపుకోవడమే లాభసాటి.