ప్రయోగశాల దాటని కాంతి చికిత్స
పురుషుల సంతానలేమిపై పరిశోధనలు. ఖరగ్‌పూర్ అనుభవం చెప్పేదేమిటి?

ఖరగ్‌పూర్: ఎర్రని కాంతిని ప్రసరింపజేస్తే మందకొడిగా ఉన్న శుక్రకణాలు చురుకుగా కదులుతాయని కొన్ని పరిశోధనలు వెల్లడించాయి. అయితే పురుషుల సంతానలేమికి దీనిని చికిత్సగా పరిగణించదగిన ఆధారాలు ఇంకా లభించలేదు.

శుక్రకణం తోక కదలడానికి కావలసిన శక్తి అందులోని మైటోకాండ్రియా నుంచి లభిస్తుంది. ఎరుపు, పరారుణ కాంతిని అక్కడి ఒక ఎంజైము గ్రహించడం వల్ల శక్తి ఉత్పత్తి పెరుగుతుందన్నది శాస్త్రజ్ఞుల ప్రతిపాదన. 2014లో ఇరాన్ పరిశోధకులు, చలనం తక్కువగా ఉన్న నమూనాలపై 830 నానోమీటర్ల లేజర్ కాంతిని ప్రయోగించగా కదలిక మెరుగుపడింది. 2017లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు 633 నానోమీటర్ల ఎర్రని కాంతితో ఇటువంటి ఫలితమే సాధించారు, కణాల డి.ఎన్.ఎ.కు హాని కలగలేదని కూడా వారు ప్రకటించారు.

ఈ ప్రయోగాలన్నీ శరీరం వెలుపల, గాజు పాత్రలలో జరిగినవేనన్నది గమనార్హం. కాంతి మోతాదును, సమయాన్ని బట్టి ఫలితం మారుతుంది. కణాల సంఖ్యే తక్కువగా ఉన్నవారికి, అసలే లేనివారికి ఈ పద్ధతి ఉపకరిస్తుందనడానికి ఆధారం లేదు. శిశు జననాలు పెరిగినట్లు నిరూపించిన భారీ అధ్యయనమూ లేదు. ఇక ఇంట్లో దీపం కొని శరీరంపై కాంతి ప్రసరింపజేసుకోవడం వేరే సంగతి. గాజు పాత్రలోని కణానికి, చర్మం వెనుకనున్న వృషణానికి చేరే కాంతి ఒకటి కాదు.

ఇటువంటి ఆలోచన ప్రయోగశాల నుంచి మనిషి వరకు రావడానికి ఎంత కాలం పడుతుందో ఖరగ్‌పూర్‌కు తెలుసు. పురుషులకు ఇచ్చే గర్భనిరోధక ఇంజెక్షన్ 'రిసగ్' రూపకర్త సుజయ్ గుహ మొదట ఢిల్లీ ఐఐటీలోను, తరువాత ఇక్కడి ఐఐటీలోను పనిచేశారు. 1970 దశకం చివరలో ఆరంభమైన ఆ కృషికి సంబంధించి, 303 మంది వివాహితులపై ఏడేళ్లపాటు పరిశీలన జరిపిన మూడవ దశ ఫలితాలు 2023లో గాని వెలువడలేదు. కాంతి చికిత్స ఆ మార్గంలో ఇంకా తొలి మెట్ల మీదనే ఉంది.

రైల్వే పట్టణానికి అంతకన్నా దగ్గరి విషయం మరొకటి ఉంది. అది వేడిమి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ పట్టణంలో వర్క్‌షాపు ఉద్యోగమే ఎందరికో జీవనాధారం. వృషణాలు దేహ ఉష్ణోగ్రత కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే శుక్రకణాల ఉత్పత్తి సక్రమంగా సాగుతుంది. ఇటలీలో పింగాణీ పరిశ్రమ కార్మికులపై జరిపిన అధ్యయనం 1992లో వెలువడింది. అధిక వేడిమిలో పనిచేసేవారి భార్యలు గర్భం దాల్చడానికి ఎక్కువ కాలం పట్టినట్లు అందులో తేలింది. కొలిమి, వెల్డింగ్ పనివారు వైద్యుని వద్దకు వెళ్లినపుడు తమ ఉద్యోగ స్వభావాన్ని తప్పక చెప్పవలసి ఉంటుంది. ఒక శుక్రకణం రూపొందడానికి సుమారు 74 రోజులు పడుతుంది కనుక, వేడిమి తగ్గించుకున్న ఫలితం కనిపించాలన్నా దాదాపు మూడు నెలలు ఆగాలి.

పిల్లలు కలగకపోతే మొదట కోడలినే ఆస్పత్రికి తీసుకువెళ్లే అలవాటు ఇంకా పోలేదు. కాని సంతానలేమి ఉన్న జంటలలో సుమారు సగం మందిలో పురుషుని వైపు లోపమూ కారణమవుతున్నది. ఏడాది గడిచినా గర్భం రాకపోతే దంపతులిద్దరికీ పరీక్షలు జరగాలని, భార్య వయస్సు 35 దాటితే ఆరు నెలలకే వైద్యుని సంప్రదించాలని నిపుణుల సూచన. దీపాల ముందు గడిపే నెలలు ఈ లెక్కలోనివే. వీర్య పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు బ్రహ్మచర్యం పాటించాలి. ఫలితం తేడాగా వస్తే పరీక్షను మరోసారి చేయించాలి. నరాల వాపు అయిన వేరికోసీల్, ఇన్ఫెక్షన్లు, హార్మోన్ల లోపాలు వంటి కారణాలు బయటపడితే వాటికి చికిత్సలు ఇప్పటికే అందుబాటులో ఉన్నాయి.