లక్కలో నిలిచిన పద్యం

ఫిలింనగర్‌లోనూ జూబ్లీహిల్స్‌లోనూ ఇవాళ పాట తయారయ్యేది కంప్యూటరు తెర మీద. గాయకుడు పల్లవి ఒకరోజు, చరణం మరోరోజు పాడినా అతికించవచ్చు. శ్రుతి జారితే సరిచేయవచ్చు. తెలుగు సినిమా ఈ షేక్‌పేట కొండలెక్కక ముందే తన కాలం ముగించుకున్న గ్రామఫోను ప్లేటుకు అలాంటి వీలేదీ లేదు. మూడు నిమిషాల్లో పద్యం ఎత్తుకుని, రాగం తీసి, ముగించాలి. తప్పు దొర్లితే రికార్డు చేసే మైనపు పలక మార్చి మళ్లీ మొదటినుంచీ పాడాలి. మైకులేని రోజుల్లో చివరి వరుస దాకా వినిపించిన మన రంగస్థల గాయకుల గొంతులు మిగిలింది ఆ ప్లేట్లలోనే. సినిమాకు పాడటం నేర్పింది కూడా ఆ నాటకమే. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించింది సురభి నాటక కళాకారులు.

ఈ ప్లేటు పుట్టుక చెట్టుకొమ్మ మీద మొదలవుతుంది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేత కొమ్మల్ని లక్క పురుగులు పట్టుకుని రసం పీలుస్తూ ఒంటి చుట్టూ జిగురు గూడు కట్టుకుంటాయి. ఆ జిగురును గీకి, కడిగి, కరిగించి, వడగడితే లక్క. చార్మినార్ పక్కన లాడ్‌బజార్ గాజుల్లో, ఏటికొప్పాక బొమ్మల పైపూతలో మెరిసేది ఇదే. ప్రపంచమంతా రికార్డులకు వాడిన లక్కలో పెద్ద భాగం ఛోటానాగపూర్ అడవుల నుంచి, చుట్టుపక్కల ప్రాంతాల నుంచి వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధంలో ఆ సరుకుకు కటకట ఏర్పడి, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల లక్క వాడకానికి కోత పెట్టింది. మహాభారతంలో పాండవుల్ని కాల్చడానికి కట్టింది లక్క ఇల్లు. తిరుపతి వేంకట కవులు పాండవుల మీద రాసిన నాటక పద్యాల్ని మన చెవికి దాచిపెట్టింది కూడా లక్కే.

ఎమిల్ బెర్లినర్ 1887లో గ్రామఫోనుకు పేటెంటు కోరాడు. అంతకు పదేళ్ల కిందటి ఎడిసన్ యంత్రం గొట్టం మీద ధ్వనిని గీసేది. బెర్లినర్ దాన్ని చదునైన బిళ్ల మీదికి తెచ్చాడు. బిళ్లకు లోహపు అచ్చు తీస్తే వేల నకళ్లు ఒత్తవచ్చు. మొదట గట్టి రబ్బరు వాడాడు, 1890ల చివరికల్లా లక్క మిశ్రమానికి మారాడు. లక్క వేడికి మెత్తబడి అచ్చులోని గీతలన్నీ పట్టుకుంటుంది, చల్లారగానే బిగుసుకుంటుంది. ప్లేటులో మిగతాదంతా రాతిపొడి, మసి, కొంచెం పత్తి పీచు. ఆ రాతిపొడి కావాలనే కలిపేవారు. ఉక్కు ముల్లు మొన గాడికి సరిపడా అరిగేది దాని వల్లే. పాత ప్లేట్లలో గరగర వినిపించేదీ, పక్క మార్చినప్పుడల్లా ముల్లు మార్చాల్సి వచ్చేదీ అందుకే. పదంగుళాల ప్లేటు ఒక్కో పక్కన ఆ ముల్లు నడిచే దారి సుమారు 120 మీటర్లు.

1902 ఏప్రిల్‌లో గ్రామఫోన్ కంపెనీ రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ మిలాన్‌లో ఒక హోటల్ గదిలో బాకా అమర్చి, ఎన్రికో కరూసో చేత ఒపేరా పాటలు పాడించాడు. అదే ఏడాది నవంబరులో అదే మనిషి కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆ మైనపు పలకలు జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి ప్లేట్లుగా తిరిగొచ్చేవి. అక్కడివాళ్లకు మన భాషలు రావు. ఎవరిది ఏ పాటో పోల్చుకోవడానికి పాట చివర గాయని తన పేరు తానే గట్టిగా చెప్పేది. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఆ ప్రయాణం తగ్గింది. 1925లో మైక్రోఫోను రికార్డింగు వచ్చేదాకా విద్యుత్తు పాత్రే లేదు. గొంతులోని బలమే బాకా గుండా వెళ్లి సూదిని కదిలించాలి. అందుకే మిలాన్ ఒపేరా గాయకుడూ మన నాటకాల రారాజూ బాకా ముందు నెగ్గారు. కంఠం ఖంగుమనని వాళ్లకు ఆ బాకా దగ్గర చోటు లేదు.

కరూసో అభిమానులకు ఒక అదృష్టం పట్టింది. రోబెర్టో బావర్ అనే ఆయన 1937లోనే తొలినాళ్ల గాయకుల రికార్డులన్నిటికీ జాబితా పుస్తకం వేశాడు. భారతీయ రికార్డుల తొలి దశకు మైఖేల్ కినియర్ 1994లో అలాంటి పని చేశాడు. తెలుగు ప్లేట్ల విషయానికొస్తే వి.ఎ.కె. రంగారావు వంటి సేకర్త జీవితమంతా పెట్టి వేల కొద్దీ పోగుచేసి, వాటి గురించి రాశారు. ఒక్క మనిషి ఓపిక మీద ఇంత భారం వేయడం భాషకు మంచిది కాదని నా గట్టి నమ్మకం. రంగస్థల పద్యాలకు నంబరు నంబరుగా జాబితా కావాలి. అది పాటను డిజిటల్ చేయడం కంటే ముందు జరగాలి.

ఎందుకంటే ప్లేటు అసలు చిరునామా నడుమ అతికించిన కాగితం మీద ఉండదు. ఆ కాగితం మీది నంబరు దుకాణం కోసం. కాగితానికీ గాళ్లకూ మధ్య నున్నటి చోట ప్లేటును కొంచెం వంచి దీపం కిందికి తెస్తే, లక్కలో ఒత్తిన మరో నంబరు కనిపిస్తుంది. అది ఆ రోజు ఆ గాయకుడు పాడిన ఆ ఒక్క పాటది. రెండోసారి పాడించి ఉంటే ఆ గుర్తూ పక్కనే ఉంటుంది. ఒకే దుకాణం నంబరుతో రెండు వేర్వేరు గానాలు అమ్ముడైన సందర్భాలున్నాయి. రాగవిస్తారం ఎక్కడ మారిందో విని తేల్చేవాళ్లకు ఆ చిన్న నంబరే ఆధారం.

పద్యం ఎవరిదో తేల్చడం ఇంకో చిక్కు. ఉదాహరణకు, బలిజేపల్లి లక్ష్మీకాంత కవి ‘హరిశ్చంద్ర’ ఆడుతూ కాటిసీనులో నటులు గుర్రం జాషువా శ్మశాన పద్యాలు కలుపుకున్నారు. జనం వాటికి వన్స్‌మోర్ కొట్టారు. ప్లేటు మీద ‘హరిశ్చంద్ర’ అని ఉంది కదా అని జాబితాలో కవి పేరు బలిజేపల్లి అని రాసేస్తే జాషువాకు అన్యాయం. అందుకే జాబితాలో నాటకం, పాత్ర, కవి, గాయకుడు నాలుగూ వేర్వేరు గడుల్లో ఉండాలి. రాగం గడి సంగీతం తెలిసినవాళ్లు విని నింపాలి.

వేగం మాట కూడా రాసుకోవాలి. అందరూ 78 అంటారు గానీ తొలినాళ్ల ప్లేట్లు నిమిషానికి 70 చుట్ల నుంచి 80 పైదాకా రకరకాల వేగాల్లో రికార్డయ్యాయి. వేగం సుమారు ఆరు శాతం మారితే శ్రుతి అరస్వరం జరుగుతుంది. రంగస్థల గాయకుడు కపిలవాయి రామనాథశాస్త్రి పాడింది ఏ శ్రుతిలోనో తప్పుగా వింటే ఆయన గొంతును మనం తప్పుగా తెలుసుకున్నట్టే. ముందు తిప్పే యంత్రం వేగం సరిగా ఉందో లేదో చూసుకోవాలి. మన 50 హెర్ట్జ్ కరెంటు దీపం కింద 77 గీతల చక్రాన్ని ప్లేటు మీద పెట్టి తిప్పితే, గీతలు నిలిచినట్టు కనిపించినప్పుడు వేగం 77.92. ఆ తర్వాత హార్మోనియం మెట్లు ఏ శ్రుతికి కుదురుతున్నాయో పోల్చి, వేగాన్ని అటూఇటూ సవరించుకోవచ్చు.

ఇక ఇంట్లో పెట్టెల్లో ఇవి ఉన్నవాళ్లకు రెండు మాటలు. దుమ్ము తుడవడానికి స్పిరిట్ వాడొద్దు, లక్క అందులో కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన మెత్తని గుడ్డ చాలు. హైదరాబాద్ ఎండాకాలంలో ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంగిపోతాయి, నిలువుగా పెట్టండి. ఎల్పీ ముల్లుతో మోగించొద్దు. 78 గాడి వెడల్పైనది, దానికి ఎల్పీ ముల్లు కంటే దాదాపు మూడింతలు లావున్న ముల్లు కావాలి. చేయిజారి పగిలినా ముక్కలన్నీ ఒక కవరులో వేసి, నున్నటి చోట ఉన్న నంబరు పైన రాయండి. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, విటాలీ ఫదేయెవ్ ముల్లు తాకకుండా కెమెరాతో గాళ్ల బొమ్మ తీసి ధ్వనిగా మార్చే పద్ధతిని ఈ శతాబ్దం మొదట్లోనే చేసి చూపించారు. అదే పద్ధతిలో విరిగిన ముక్కల బొమ్మల్ని కంప్యూటరులో వరసగా అతికించి, పాట వినవచ్చు.