వెలుగు పడాల్సింది రోడ్డు మీద!

సంక్రాంతికి ఊరెళ్తున్న కారు. డిక్కీ నిండా సామాన్లు, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు. హైవే దిగి ఊరి రోడ్డెక్కేసరికి చీకటి పడిపోయింది. ఎదురొచ్చిన బస్సు వెలుగుకి కళ్లు బైర్లు కమ్మాయి. తేరుకునేలోగా ముందు... గడ్డి ట్రాక్టరు! వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరైనా లేదు. బ్రేకు మీద నిలబడితే బండి ఎలాగో ఆగింది.

ఇలాంటి రాత్రి తర్వాత ‘రేపే హెడ్‌లైట్లు మార్పించెయ్యాలి’ అనుకోని వారుండరు.

ఆ భయంలో నిజముంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. అడ్డం చూసి బ్రేకు తొక్కేసరికే సెకను దాటుతుంది. ఆ తర్వాత పొడిరోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో 35, 40 మీటర్లు కావాలి. అంటే మొత్తం 60 మీటర్ల పైమాటే. డిమ్ము లైట్లో నల్లచొక్కా వేసుకుని నడిచే మనిషి అంత దూరాన కనపడడం కష్టం.

మరి ఏం మార్చాలి? షాపుకెళ్తే ముందు చూపించేవి రెండు. ఒకటి 100/90 వాట్ల బల్బు, రెండోది పాలలా తెల్లగా వెలిగే ఎల్‌ఈడీ. రెండూ గోడ మీద వేసి చూపిస్తే బ్రహ్మాండంగా ఉంటాయి. చిక్కంతా రోడ్డెక్కాకే.

దొప్ప చేసే పని

చాలా కార్లలో వాడే హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లది. హైబీమ్‌కి 60, డిమ్ముకి 55. లోపల రెండు ఫిలమెంట్లు. డిమ్ము ఫిలమెంటు కింద గోరంత లోహపు దొప్ప ఉంటుంది. అది వెలుగును రిఫ్లెక్టరు పైసగానికే తగలనిస్తుంది. అక్కడ తగిలిన వెలుగు కిందికి, రోడ్డు మీదికి దిగుతుంది. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి ఎడమ అంచున వెలుగు కొంచెం పైకి లేచి, పక్కన నడిచేవాళ్లను చూపిస్తుంది. కుడివైపు మాత్రం ఎదుటి డ్రైవరు కళ్లకు కిందుగా ఆగిపోతుంది. అమెరికా కారు హెడ్‌లైటు తెచ్చి ఇక్కడ బిగిస్తే ఈ లెక్క తిరగబడుతుంది!

ఇంత లెక్కతో చేసిన రిఫ్లెక్టరులో ఫిలమెంటు తీసేసి ఎల్‌ఈడీయో హెచ్‌ఐడీయో పెడితే, వెలుగు పుట్టేచోటు మారిపోతుంది. ఇక అది ఎటు పడితే అటు చిమ్ముతుంది. బంపరు ముందు తెల్లటి మడుగు కట్టినట్టుంటే నడిపేవారికి ‘అబ్బ, ఎంత వెలుగో’ అనిపిస్తుంది. కానీ దగ్గరి వెలుగుకి కంటిపాప చిన్నదై దూరం ఇంకా మసకేస్తుంది. ఎదుటివాడికైతే కళ్లు పోయినంత పని. కంపెనీయే ఎల్‌ఈడీ కోసం తయారుచేసిన లైటుకి ఈ గొడవ లేదు.

ఒకప్పుడు లారీలకూ బస్సులకూ హెడ్‌లైట్ల నడుమ నల్లరంగు బొట్టు పెట్టేవారు. బొట్టు పోయింది గానీ ఎదుటివాడి కంటిమంట పోలేదు.

100/90 బల్బుది ఇంకో గోల. మామూలు వైరింగు అంత కరెంటు మోయలేదు. హోల్డరు కరిగిపోతుంది, వేడికి రిఫ్లెక్టరు మెరుపు పోతుంది. పైగా తయారీదారు ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

పాత బల్బే... కొత్త వెలుగు

అసలు ఉన్న బల్బు పూర్తిగా వెలుగుతోందా? చాలా పాత బండ్లలో వెలగదు. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు సన్నటి వైర్లు, అరిగిన స్విచ్చు దాటి బల్బు చేరేసరికి ఓల్టేజీ పడిపోతుంది. అది పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఇంజను ఆన్‌లో ఉంచి బ్యాటరీ దగ్గరోసారి, హోల్డరు దగ్గరోసారి మల్టీమీటరు పెడితే గుట్టు తెలిసిపోతుంది. తేడా ఒక ఓల్టుకి మించితే రిలేలు పెట్టి, కాస్త లావు వైరుతో, ఫ్యూజు వేసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించాలి. ఆటో ఎలక్ట్రీషియన్లకు ఇది తెలిసిన పనే. అదే 60/55 బల్బు అప్పుడు చూడాలి!

పాత అంబాసిడర్‌కి ముందు గాజు ఉండేది. ఇప్పటివన్నీ ప్లాస్టిక్. ఎండకి ఏళ్ల తరబడి నిలబడితే పచ్చబడి మసకేస్తుంది. సన్నటి వాటర్ పేపరుతో రుద్ది పాలిష్ పట్టిస్తే వెలుగు తిరిగొస్తుంది. పైన ఎండను ఆపే పూత వేయించకపోతే మాత్రం మళ్లీ మొదటికే.

ఇక చాలామంది కన్నెత్తి చూడనిది స్టీరింగ్ పక్కనుండే చిన్న చక్రం. దానిమీద 0, 1, 2, 3 అని ఉంటుంది. వెనక బరువెక్కితే కారు మూతి పైకి లేస్తుంది, వెలుగు చెట్ల కొమ్మలకెక్కుతుంది. డిక్కీలో బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు సర్దాక ఆ చక్రాన్ని 2కో 3కో తిప్పితే వెలుగు మళ్లీ రోడ్డు మీదికి దిగుతుంది. పైసా ఖర్చు లేదు. ఊళ్లో దింపేశాక 0కి తెచ్చుకోవడం మరిచిపోతే మాత్రం తిరుగు ప్రయాణంలో నాలుగడుగులు దాటి కనపడదు.

ఇవన్నీ చేయించినా ‘ఇంకా చాలట్లేదు’ అనే నాన్నలుంటారు. తప్పు లైటుది కాకపోవచ్చు. 20 ఏళ్లవాడితో పోలిస్తే 60 దాటినవారి కంటి లోపలికి చేరే వెలుగు మూడోవంతే. దానికి శుక్లాలు తోడైతే ఎదుటి లైటు చుట్టూ గుండ్రంగా వలయాలు కనిపిస్తాయి. అలాంటప్పుడు మెకానిక్‌ని కాదు, కంటి డాక్టర్ని కలవాలి. ఆలోగా, పొద్దు వాలాక తాళాలు కొడుక్కో కూతురికో ఇచ్చేసి పక్క సీట్లో కూర్చుంటే సరి. ‘డిమ్ము కొట్టరా’ అని చెప్పే పని ఎలాగూ ఉంటుంది!